తేదీ ముందు, కథ తరువాత

హాలీవుడ్‌లో వేసవి చిత్రం అన్న మాటకు వ్యాపారులు చెప్పే అర్థం ఒకటి, విమర్శకులు చెప్పే అర్థం మరొకటి. మే మొదటి వారం నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం నాడు వచ్చే కార్మిక దినోత్సవం దాకా, అంటే అమెరికా బడులకు సెలవులుండే రోజులకు కాస్త అటూ ఇటూగా, కోట్ల డాలర్ల ఖర్చుతో తీసి వేల తెరల మీద ఒకే రోజున విడుదల చేసే సినిమాను వ్యాపారులు వేసవి చిత్రం అంటారు. విమర్శకులు అదే మాటను వాడినప్పుడు అందులో కొంత చిన్నచూపు ఉంటుంది. లాజిక్ వెతక్కుండా, పేలుళ్లూ పరుగులూ చూసి బయటికి రావలసిన సినిమా అన్నది వారి భావం. ఈ రెండు అర్థాలూ ఒకటేనా, భారీగా తీసిన సినిమా నాసిగా ఉండక తప్పదా అన్నదే యాభై ఏళ్లుగా నడుస్తున్న చర్చ. ఆ యాభై ఏళ్ల చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే, ఈ చిత్రాల నాణ్యతను ఎక్కువసార్లు దెబ్బతీసింది కథకంటే ముందే ఖాయమైపోయే విడుదల తేదీ అని తెలుస్తుంది.

బ్లాక్‌బస్టర్ అన్న పదం సినిమాలో పుట్టింది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం జారవిడిచిన, ఒక వీధి వీధినంతా నేలమట్టం చేయగల పెద్ద బాంబులను పత్రికలు ఆ పేరుతో పిలిచాయి. తరువాత అది భారీ విజయం సాధించిన నాటకాలకూ సినిమాలకూ అంటుకుంది. వేసవికీ సినిమాకూ బంధం కలిపింది మాత్రం చల్లని గాలి. అంతకు ముందు అమెరికాలో ఎన్నో థియేటర్లు ఉక్కపోత భరించలేక వేసవిలో మూతపడేవి. 1925లో న్యూయార్కులోని రివోలి థియేటర్‌లో విల్లిస్ క్యారియర్ శీతలీకరణ యంత్రాన్ని అమర్చిన తరువాత, ఎండ నుంచి తప్పించుకోవడానికే జనం హాలులోకి రావడం మొదలైంది. అయినా కుటుంబాలు సముద్రతీరాలకు తరలిపోయే కాలం కాబట్టి, స్టూడియోలు తమ పేరు నిలబెట్టే చిత్రాలను క్రిస్మస్‌కు దాచుకుని, మిగిలినవాటిని వేసవికి వదిలేవి.

ఆ అలవాటును 1975 జూన్ 20న విడుదలైన ‘జాస్’ తిరగరాసింది. సముద్రస్నానానికి వచ్చే మనుషులను ఒక సొరచేప వేటాడే ఈ కథను, పీటర్ బెంచ్లీ నవల ఆధారంగా, చిత్రీకరణ నాటికి ముప్పై ఏళ్లు కూడా నిండని స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీశాడు. అది అమెరికాలో 409 థియేటర్లలో ఒకేసారి విడుదలైంది; టెలివిజన్‌లో ముమ్మరంగా ప్రకటనలు వచ్చాయి. అప్పటిదాకా పేరున్న చిత్రాలను ముందు మహానగరాల్లో వేసి, టాక్ పాకేకొద్దీ మిగతా ఊళ్లకు పంపేవారు. తెలుగునాట ఎ సెంటర్లలో ఆడిన సినిమా బాక్సులు తరువాత బి, సి సెంటర్లకు చేరిన పద్ధతి లాంటిదే అది. ఒకే రోజున వందల చోట్ల విడుదల చేయడమన్నది, అసలు టాక్ బయటికి పొక్కకముందే డబ్బు రాబట్టుకోవడానికి నాసిరకం చిత్రాల విషయంలో వాడే ఎత్తుగడగా పేరుబడింది. ఒక మేలైన చిత్రం ఆ ఎత్తుగడకు గౌరవం తెచ్చిపెట్టింది. ఈ చర్చలోని చిక్కు అంతా ఇక్కడే మొదలవుతుంది.

‘జాస్’ ఎందుకు మేలైన చిత్రమో చెప్పుకోకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. మసాచుసెట్స్ తీరంలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర, స్టూడియో తొట్టిలో కాకుండా నిజమైన సముద్రంలో, 55 రోజుల్లో ముగించాలనుకున్న చిత్రీకరణ 159 రోజులు సాగింది. సుమారు 40 లక్షల డాలర్ల ఖర్చు 90 లక్షలకు పెరిగింది. ఉప్పునీటిలో ముందుగా పరీక్షించి చూడని యంత్రపు సొరచేపలు మాటిమాటికీ మొరాయించడంతో, దర్శకుడు సొరచేపను చూపించకుండానే భయపెట్టే దారులు వెతకవలసి వచ్చింది. రాత్రివేళ ఇద్దరు మనుషులు మాంసపు ముద్దను కొక్కేనికి గుచ్చి, గొలుసు కొసను చెక్క రేవుకు బిగించి నీటిలోకి వదిలే సన్నివేశం ఇందుకు మంచి ఉదాహరణ. గొలుసు ఒక్కసారిగా బిగుసుకుని, రేవు కొసభాగం విరిగి, దాని మీదున్న మనిషితో సహా నీటిలో పడి సముద్రం వైపు కొట్టుకుపోతుంది. కొంతదూరం పోయాక ఆగుతుంది. తరువాత నెమ్మదిగా వెనక్కి తిరిగి, ఒడ్డుకు ఈదుతున్న మనిషి వైపే రాసాగుతుంది. తెర మీద కనిపించేది విరిగిన చెక్కలు మాత్రమే అయినా, చూసేవారి గొంతు తడి ఆరిపోతుంది. సొరచేప పూర్తిగా కనిపించడానికి గంటకు పైగా పడుతుంది.

దానికంటే గొప్పదని చెప్పదగిన సన్నివేశంలో సముద్రమే లేదు. సొరచేప సంగతి తెలిసీ తీరాన్ని మూయించలేకపోయిన పోలీసు అధికారి బ్రోడీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత చెంపదెబ్బ తిని ఇంటికి వచ్చి, భోజనాల బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంటాడు. పక్కనే ఉన్న చిన్న కొడుకు తండ్రి చేతులు ఎలా కదిపితే అలా కదుపుతూ, మొహం కప్పుకుంటే తానూ కప్పుకుంటూ ఉంటాడు. కాసేపటికి ఆ సంగతి తండ్రి గమనిస్తాడు. నిమిషం పైచిలుకు సాగే ఈ మౌనం లేకపోతే, తరువాతి గంటలో పడవ మీద ఆ మనిషి ప్రాణం కోసం ప్రేక్షకుడు అంతగా ఆరాటపడడు. ఈ చిత్రానికి కూర్పు చేసిన వెర్నా ఫీల్డ్స్‌కూ, సంగీతం సమకూర్చిన జాన్ విలియమ్స్‌కూ ఆస్కార్లు వచ్చాయి. శబ్దగ్రహణానికి మరొకటి వచ్చింది. ఉత్తమ చిత్రం పోటీలోనూ అది నిలిచింది. తొలి వేసవి బ్లాక్‌బస్టర్ అనిపించుకున్న సినిమా పనితనంలో ఎవరికీ తీసిపోలేదు.

పరిశ్రమ నేర్చుకున్న పాఠంలో ఆ భోజనాల బల్ల లేదు. 409 అన్న అంకె ఉంది. రెండేళ్ల తరువాత ‘స్టార్ వార్స్’ 32 థియేటర్లతో మొదలై, టాక్ బలం మీద నెలల తరబడి ఆడి చరిత్ర సృష్టించినా, స్టూడియోలు తెరల సంఖ్యను పెంచుకుంటూనే పోయాయి. పంపిణీదారులకూ థియేటర్లకూ మధ్య ఒప్పందాల్లో తొలి వారాల వసూళ్లలో పంపిణీదారుడికి పెద్ద వాటా దక్కేలా షరతులు ఉండటం కూడా ఓపెనింగ్స్ మీద యావను పెంచింది. 1980లో విమర్శకురాలు పాలిన్ కేల్ ‘న్యూయార్కర్’ పత్రికలో, సినిమాలు ఇంత చెడ్డగా ఎందుకు ఉంటున్నాయని అడుగుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, స్టూడియోల పగ్గాలు లెక్కల మనుషుల చేతికి వెళ్లిన తీరును దుయ్యబట్టింది. ఆమె ఆక్షేపణ నేటికీ చెల్లుతుంది.

అయితే ఓపెనింగ్స్‌ను బట్టి కానీ, తొలివారపు సమీక్షలను బట్టి కానీ నాణ్యతను తేల్చగలమనుకోవడం ఎంత ప్రమాదమో 1982 వేసవి చూపింది. ఆ జూన్ 11న వచ్చిన ‘ఇ.టి.’ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. అదే నెల 25న ఒకే రోజున విడుదలైన రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’, జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ రెండూ నిరాశపరిచే వసూళ్లతో, రెండోదైతే తీవ్రమైన తిట్లతో వెళ్లిపోయాయి. నేడు ఆ రెండూ తమ తమ కోవల్లో శిఖరాలుగా లెక్కకు వస్తున్నాయి. 1998లో మొదలైన ‘రాటెన్ టొమాటోస్’ లాంటి సమీక్షల సంకలనాలు ఇచ్చే శాతాన్ని కూడా ఈ జాగ్రత్తతోనే చదవాలి. ఆ శాతం సినిమాకు వేసిన మార్కు కాదు. ఎంతమంది విమర్శకులు బాగుందన్నారో చెప్పే లెక్క. వందమందీ పర్వాలేదని సరిపెట్టుకున్న చిత్రానికి 100 శాతం రావచ్చు. అరవైమంది కళాఖండమని పొగిడి, నలభైమంది తిట్టిపోసిన చిత్రానికి 60 శాతమే వస్తుంది. సాహసం చేసిన సినిమాకు ఈ లెక్కలో ఎప్పుడూ నష్టమే.

ఇక తేదీ సంగతి. బొమ్మలు, దుస్తులు, ఆహారపదార్థాల కంపెనీలతో ప్రచార ఒప్పందాలు, ప్రపంచమంతటా తెరల కేటాయింపు, పోటీ చిత్రాల మధ్య ఖాళీ, ఇవన్నీ చూసుకుని తేదీని ఏళ్ల ముందే ప్రకటిస్తారు కాబట్టి, స్క్రీన్‌ప్లే సిద్ధంగా లేకపోయినా యంత్రాంగం ఆగదు. డేవిడ్ ఫించర్ తొలి చిత్రమైన ‘ఏలియన్ 3’ (1992 మే) కథ ఎన్నో చేతులు మారుతూ, సెట్లు ముందు, రాత తరువాత అన్నట్లు తయారైంది. ఆ తరువాత ఫించర్ దాన్ని తన చిత్రంగా చెప్పుకోవడానికే ఇష్టపడలేదు. 2007 నవంబరు నుంచి 2008 ఫిబ్రవరి దాకా సాగిన రచయితల సమ్మె కాలంలో కథాసంగ్రహం మీదే ఆధారపడి సన్నాహాలు జరిగిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ రెండో భాగం 2009 జూన్‌లో తేదీ తప్పకుండా వచ్చింది. ఫలితం బాగా లేదని దర్శకుడు మైకేల్ బే తానే ఒప్పుకున్నా, అది సుమారు 83 కోట్ల డాలర్లు రాబట్టింది. తప్పు చేసినా డబ్బు వచ్చినప్పుడు ఆ తప్పు పద్ధతిగా మారుతుంది. 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’ లాగా, సెట్‌లో మాటలు రాసుకుంటూ తీసినా బాగా కుదిరిన చిత్రాలూ లేకపోలేదు. అక్కడ నటుల చాతుర్యం గట్టెక్కించింది.

తేదీ బరువు చివరికి పడేది గ్రాఫిక్స్ చేసేవారి మీద. స్టూడియోలు ఈ పనిని గంపగుత్త ధరకు బయటి సంస్థలకు అప్పగిస్తాయి. దర్శకుడు షాట్‌ను ఎన్నిసార్లు మార్చమన్నా ధర మారదు, గడువూ మారదు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కు ఆస్కార్ అందుకోవడానికి రోజుల ముందు, ఆ చిత్రంలోని పులిని సృష్టించిన ‘రిథమ్ అండ్ హ్యూస్’ సంస్థ దివాలా అర్జీ పెట్టుకుంది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది కాబట్టి, హాలీవుడ్ గడువుల వేడి తెలుగునాట కంప్యూటర్ల ముందు కూర్చున్న కళాకారులకూ తగిలింది. తెర మీద బొమ్మ అతకలేదని ప్రేక్షకులు వెక్కిరించినప్పుడు, ఆ లోపం చాలాసార్లు నైపుణ్యానిది కాదు, దొరకని వారాలది. 127 నిమిషాల ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలే. రాక్షసబల్లి వస్తున్న సంగతి చెప్పడానికి కారులోని నీటి కప్పులో వలయాలు కావలసివస్తే, డ్యాష్‌బోర్డు కింద గిటారు తీగ బిగించి మీటి వాటిని తెప్పించారు. అలాంటి ఉపాయం తట్టాలంటే, నాలుగు రకాలుగా చేసి చూడటానికి సమయం ఉండాలి.

మార్వెల్ చిత్రాలు సినిమా కంటే వినోదపు పార్కులకు దగ్గరగా ఉంటాయన్న దర్శకుడు మార్టిన్ స్కోర్సేసి 2019 నాటి అభిప్రాయం పెద్ద దుమారం లేపింది. అన్నీ ముందే పరీక్షించి, ప్రమాదమన్నదే లేకుండా చేసిన చిత్రాల గురించి ఆయన పడిన బాధ సరైనదే. కానీ భారీతనమే దోషమని ఎవరైనా దాన్ని సాగదీస్తే, 2015 మేలో వచ్చి ఆరు ఆస్కార్లు గెలిచిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ అడ్డం వస్తుంది, మూడు గంటల పాటు మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకునే ‘ఓపెన్‌హైమర్’ 2023 జులై 21న నిండు వేసవిలో విడుదలై ఉత్తమ చిత్రంగా నిలవడమూ అడ్డం వస్తుంది. విమాన విన్యాసాలు కుదరడానికి 2019 తేదీని వదులుకుని, తరువాత మహమ్మారి వల్ల ఇంకా ఆగి 2022 మేలో వచ్చిన ‘టాప్ గన్: మావెరిక్’ దాదాపు 150 కోట్ల డాలర్లు తెచ్చుకుంది.

తెలుగు వేసవి ఏప్రిల్ పరీక్షలు ముగియగానే మొదలవుతుంది. ‘అడవి రాముడు’ (1977), ‘పోకిరి’ (2006), ‘బాహుబలి’ రెండో భాగం (2017) మూడూ ఏప్రిల్ 28నే విడుదల కావడం వ్యాపారవర్గాలు ఇష్టంగా చెప్పుకునే సంగతి. కొబ్బరికాయ కొట్టిన రోజే విడుదల తేదీ వేసిన పోస్టర్లు ఇప్పుడు తెలుగులోనూ మామూలైపోతున్న తరుణంలో, ఆ మూడో చిత్రం సంగతి మరింత గుర్తుంచుకోదగ్గది. 2015 జులై 10న తొలిభాగం ఒక ప్రశ్న దగ్గర ఆగింది; జవాబు 2016లో వస్తుందని నిర్మాతలు చెప్పారు; పని తెమలక ఆ ఏడాది దాటిపోయింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 21 నెలల పాటు బస్సుల్లో, బడుల్లో, పెళ్లి పందిళ్లలో అడుగుతూనే ఉన్న జనం, ఆలస్యమైందని అలిగి థియేటర్‌కు రావడం మానలేదు.