ఏఆర్‌టీ మాత్ర: షిఫ్టు మారినా వేళ తప్పకూడదు

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్సను ఏఆర్‌టీ అంటారు. ఈ వైరస్ రక్తంలోని సీడీ4 కణాల్లోకి చొరబడి అక్కడే పెరుగుతుంది, చివరికి ఆ కణాలనే నాశనం చేస్తుంది. సీడీ4 కణాలు తగ్గేకొద్దీ రోగనిరోధక శక్తి సన్నగిల్లి క్షయ, న్యుమోనియా వంటి జబ్బులు కమ్ముకుంటాయి. ఏఆర్‌టీ మందులు వైరస్ పెరుగుదలను ఆపుతాయి. అయితే కొన్ని కణాల్లో నిద్రాణంగా దాగిన వైరస్‌ను అవి తుడిచిపెట్టలేవు. మందు ఆపితే కొద్ది వారాల్లోనే అది మళ్లీ విజృంభిస్తుంది. అందుకే ఈ చికిత్స జీవితాంతం సాగాలి.

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. వేర్వేరు మందులను కలిపి ఇచ్చే చికిత్స 1996లో ప్రపంచానికి అందినా, దాని ఖరీదు సామాన్యుడికి అందలేదు. 2001లో సిప్లా కంపెనీ రోజుకు ఒక డాలరు లోపు ఖర్చుతో మూడు మందుల చికిత్స ఇస్తామని ముందుకు రావడంతో ధరలు దిగివచ్చాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీని ప్రారంభించింది. హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న రాష్ట్రాలకు మొదట ప్రాధాన్యమివ్వగా, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు ఈ మందులను ప్రపంచమంతటికీ పంపే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో, అరబిందో, లారస్ ముందు వరుసలో ఉన్నాయి.

2017 నుంచి సీడీ4 సంఖ్య ఎంత ఉన్నా, హెచ్‌ఐవీ నిర్ధారణ కాగానే చికిత్స మొదలుపెడుతున్నారు. ఇప్పుడు పెద్దవారిలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ మాత్ర. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఒకే మాత్రలో ఉంటాయి. రోజుకు ఒక్కటి చాలు. తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఫరవాలేదు.

బాయి పనిలో మాత్ర వేళ

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో జీవితం సింగరేణి బొగ్గుగనుల షిఫ్టుల చుట్టూ తిరుగుతుంది. సాధారణంగా మొదటి షిఫ్టు ఉదయం 7కు, రెండోది మధ్యాహ్నం 3కు, నైట్ షిఫ్టు రాత్రి 11కు మొదలవుతాయి. షిఫ్టు మారితే తిండి వేళ, నిద్ర వేళ మారిపోతాయి. భూగర్భ గనిలోకి మొబైల్ తీసుకుపోనివ్వరు కాబట్టి అలారం మోగి గుర్తుచేసే వీలూ ఉండదు. "పడుకునే ముందు వేసుకోండి" అన్న సలహా ఇక్కడ పనికిరాదు. నైట్ షిఫ్టు చేసినవారు పడుకునేది పొద్దున. ఫస్ట్ షిఫ్టు నుంచి నైట్‌కు మారిన రోజున పడుకునే వేళనే నమ్ముకుంటే రెండు మాత్రల మధ్య ఎడం ఒకటిన్నర రోజు దాకా సాగిపోతుంది.

మూడు షిఫ్టుల్లోనూ మనిషి కొంతసేపైనా గని బయట ఉండే వేళను ఎంచుకోవడం దీనికి మందు. రాత్రి 10 నుంచి 11.30 మధ్య సమయం అలాంటిది. మొదటి షిఫ్టువారు పడుకోబోయే ముందు, నైట్ షిఫ్టువారు డ్యూటీకి బయల్దేరే ముందు, రెండో షిఫ్టువారు ఇంటికి చేరగానే వేసుకోవచ్చు. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య సమయం కూడా ఇలాగే సరిపోతుంది. టీఎల్‌డీ మందులు ఒంట్లో చాలాసేపు నిలుస్తాయి కనుక గంటా రెండు గంటల తేడాతో నష్టం లేదు. ఏ వేళ కుదురుతుందో ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు నాలుగు గంటల లోపే ఉంటే మాత్రం దాన్ని వదిలేసి, మామూలు వేళకే వేసుకోవాలి. రెండు మాత్రలు ఒకేసారి మింగకూడదు. నెలకు 30 మాత్రల్లో ఒకటి తప్పితే 95 శాతానికి పైగా వాడినట్టు, రెండు తప్పితే ఆ హద్దు కంటే తగ్గినట్టే. తరచూ నాగా పడితే రక్తంలో మందు తగ్గి, ఆ కొద్దిపాటి మందును తట్టుకునే వైరస్ రకాలు బలపడతాయి. అప్పుడు అదే మాత్ర పనిచేయడం మానేస్తుంది. మద్యం తాగినరోజున మందు పడదన్న భయంతో మాత్ర మానేయడం మరో పొరపాటు. తాగిన రోజైనా మాత్ర వేసుకోవాల్సిందే. మద్యం చేసే అసలు హాని మరుపును పెంచడం, కాలేయాన్ని దెబ్బతీయడం.

ఇతర మందులతో జాగ్రత్త

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్‌లు, నమిలే మాత్రలు డోలుటెగ్రావిర్‌ను పేగుల్లోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. అలాంటి మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలను భోజనంతో కలిపి టీఎల్‌డీతో పాటే వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే అదే ఎడం పాటించాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. మూర్ఛకు ఇచ్చే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ వంటివి డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తాయి.

క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కూడా అంతే. అది వాడినంతకాలం, ఆపాక మరో రెండు వారాలు, టీఎల్‌డీకి 12 గంటల తేడాతో డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర అదనంగా ఇస్తారు. బొగ్గు ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. రాతిపొరలు తొలిచినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను బలహీనపరచి క్షయకు దారి తీస్తుంది. ధూళి, హెచ్‌ఐవీ రెండూ తోడైతే ఆ ముప్పు అనేక రెట్లు పెరుగుతుందని దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులపై జరిగిన అధ్యయనాలు తేల్చాయి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు కనిపిస్తే వెంటనే క్షయ పరీక్ష చేయించుకోవాలి.

టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలపై ప్రభావం చూపుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రామగుండం వేడిలో, ఓపెన్‌కాస్టులో పనిచేసేవారికి ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది. దానికి తోడు నడుంనొప్పికో, మోకాళ్ల నొప్పికో ఆర్‌ఎంపీ దగ్గరా, మందుల దుకాణంలోనూ డైక్లోఫెనాక్ వంటివి తీసుకుంటూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. నీళ్లు బాగా తాగాలి, నొప్పి మాత్రలు డాక్టర్ చెప్పకుండా వాడకూడదు, క్రియాటినిన్ పరీక్షను దాటవేయకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఏఆర్‌టీ వాడుతున్న సంగతి చెప్పాలి.

మాత్రలను వాటి డబ్బాలోనే, మూత బిగించి, 30 డిగ్రీల లోపు చల్లగా పొడిగా ఉండేచోట ఉంచాలి. రేకుల కప్పు కింది అటక, లారీ క్యాబిన్ ఇందుకు తగవు.

దుష్ప్రభావాలు, పరీక్షలు

మొదటి వారాల్లో వికారం, తలనొప్పి, నిద్రలేమి కలగవచ్చు. చాలామందిలో అవి తగ్గిపోతాయి. కొందరు బరువు పెరుగుతారు. రోగనిరోధక శక్తి కోలుకునే దశలో, అప్పటిదాకా దాగి ఉన్న క్షయ వంటిది బయటపడి జ్వరం, గడ్డలు రావచ్చు. మందు పడలేదనుకుని ఆపేయకుండా డాక్టర్‌ను కలవాలి. ఒంటినిండా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. హెపటైటిస్-బి కూడా ఉన్నవారు టీఎల్‌డీని హఠాత్తుగా ఆపితే కాలేయానికి తీవ్ర ప్రమాదం.

మందు పనిచేస్తోందో లేదో వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. దాన్ని ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా చేస్తారు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచి ఉన్నవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. గర్భిణులూ చికిత్స ఆపకూడదు. చికిత్స లేకపోతే బిడ్డకు వైరస్ సోకేందుకు 15 నుంచి 45 శాతం దాకా ఉండే ముప్పు, సరైన చికిత్సతో 5 శాతం లోపుకు దిగుతుంది. పుట్టగానే బిడ్డకు సిరప్ ఇచ్చి, ఆరు వారాలకు పరీక్ష చేస్తారు.

హక్కులు, సాయం

నలుగురికీ తెలుస్తుందన్న భయంతో ఊరి దగ్గరి కేంద్రానికి వెళ్లనివారు, మందులు అయిపోయినా ఊరుకునేవారు ఉన్నారు. చట్టం వారి పక్షాన ఉంది. 2017లో చేసి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, వివరాలు బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ సాకుతో వివక్ష చూపి ఉద్యోగం తీసేయకూడదు. 100 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. గని కార్మికుడైనా, కాంట్రాక్టు కూలీ అయినా, లారీ డ్రైవరైనా ఈ రక్షణ ఒకటే.

సొంతూరికో, కొత్త పనిచోటుకో పోయేవారు ముందే చెబితే, చికిత్సను దగ్గరి ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చేస్తారు. ప్రయాణానికి సరిపడా మందులూ ముందుగా అడిగి తీసుకోవచ్చు. ఏ సందేహమున్నా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వేళకు మాత్ర, ఏటా పరీక్ష, ఇతర మందుల విషయంలో డాక్టర్‌తో దాపరికం లేని మాట. ఈ మూడూ పాటించేవారు అందరిలాగే పనిచేస్తూ, పిల్లలను పెంచుకుంటూ నిండు జీవితం గడపగలరు.