బడికి బడి తోడు

విద్యను గూర్చిన పరిశోధనలు విశ్వవిద్యాలయముల బీరువాల పాలగుచుండ, ఉపాధ్యాయుడు తన యనుభవమునే నమ్ముకొని బోధించుట చిరకాలముగా నున్నదే. ఈ యెడమును పూడ్చుటకై, బీదపిల్లల చదువు వెనుకబడరాదను ఆశయముతో ఇంగ్లండులో 2011లో స్థాపితమైన ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్, 2016లో కొన్ని బడులను ‘పరిశోధన పాఠశాలలు’గా ఎన్నుకొని, ఇరుగుపొరుగు బడుల వారికి శిక్షణ నొసగు భారమును వానికి అప్పగించుట ఆరంభించినది. శిక్షణ నిచ్చువారును తరగతిలో పాఠము చెప్పువారే యగుట యీ యేర్పాటునకు ప్రాణమని నా నమ్మకము.

ఇట్టి శిక్షణలో నేర్పదగిన పద్ధతికి ఉదాహరణకు, భిన్నముల కూడికలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై అరను, మూడవ వంతును వ్రాసి, ‘హారములు వేరుగా నున్నవి, తిన్నగా కూడుట యెట్లు? రెంటికిని సరిపడు సంఖ్య ఆరు గదా!’ యని తన యాలోచనను పిల్లలకు వినబడునట్లు పలుకును. పిదప వారును అట్లే పలుకుచు లెక్క చేయుదురు. ఈ పద్ధతి ఉపాధ్యాయునకు ఒకనాటి శిక్షణతో అలవడదు. ఉపాధ్యాయులు ఒకరి పాఠమునొకరు చూచి, చర్చించి, సవరించుకొనుటకు ప్రధానోపాధ్యాయుడు నెలల తరబడి వేళ కల్పింపవలెను.