స్కిజోఫ్రీనియా – హోమియో వైద్యం: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు వచ్చిందంటే సలహాలకు కొదువ ఉండదు. ఒకరు తాయెత్తు కట్టించమంటారు. ఒకరు పెళ్ళి చేస్తే తగ్గిపోతుందంటారు. ఇంకొకరు, “ఈ ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు మింగిస్తారు? హోమియో వాడితే జబ్బు వేరుతో సహా పోతుంది” అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళలో స్కిజోఫ్రీనియా ఉన్నవారి కుటుంబాలకు ఈ చివరి మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడుతూనే ఉంటుంది. చెప్పేవారు మన మేలు కోరే చెబుతారు. అయినా ఆ మాట విని గోలీలు ఆపేముందు కొన్ని సంగతులు తెలుసుకోవడం చాలా అవసరం.

స్కిజోఫ్రీనియా అంటే ఏమిటి?

ఇది మెదడు పనితీరులో వచ్చే మార్పుల వల్ల కలిగే దీర్ఘకాలిక వ్యాధి. చాలామందిలో పదిహేను, ముప్పై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినబడటం, తనను చంపడానికి కుట్ర చేస్తున్నారని, అన్నంలో విషం కలిపారని గట్టిగా నమ్మడం, తనలో తాను మాట్లాడుకోవడం, నవ్వుకోవడం దీని ముఖ్య లక్షణాలు. వీటితోపాటు స్నానం మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం కూడా ఉంటాయి. వీటిని చూసి “సోమరితనం”, “పొగరు” అనుకోరాదు. ఇవి కూడా జబ్బు లక్షణాలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు ప్రతి 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. మన దేశంలో 2015–16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. స్కిజోఫ్రీనియా, ఆ కోవకు చెందిన తీవ్రమైన జబ్బులు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవారు నూటికి 1.4 మంది ఉన్నట్లు అందులో తేలింది. అంటే వెయ్యి మంది పెద్దవాళ్ళున్న ఊళ్ళో సుమారు పద్నాలుగు మంది. కాబట్టి ఈ కష్టం మీ ఒక్క ఇంటికే వచ్చింది కాదు.

ఇది బాణామతి వల్ల, గాలి సోకడం వల్ల, తల్లిదండ్రుల పెంపకం వల్ల వచ్చేది కాదు. వంశపారంపర్యం కొంత, పుట్టుక సమయంలో కలిగిన ఇబ్బందులు కొంత, యుక్తవయసులో గంజాయి వంటి అలవాట్లు కొంత, ఇలా అనేక కారణాలు కలిసి ఈ జబ్బు వస్తుంది.

గోలీలు ఏం చేస్తాయి?

1952లో పారిస్ నగరంలో క్లోర్‌ప్రోమజిన్ అనే మందును ఈ జబ్బుకు మొదటిసారి వాడి మంచి ఫలితం చూశారు. అంతకుముందు చాలామంది రోగులు జీవితాంతం ఆసుపత్రి గోడల మధ్యే గడిపేవారు. నేడు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మందులు ఉన్నాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని ఇవి అదుపు చేస్తాయి. దానితో వినబడే మాటలు, అనుమానాలు క్రమంగా తగ్గుతాయి. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

అయితే ఒక విషయం గమనించాలి. ఈ మందులు జ్వరం గోలీల వంటివి కావు. బి.పి., షుగరు మందుల వలె జబ్బును అదుపులో ఉంచుతాయి. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 65 పరిశోధనల ఫలితాలను కలిపి ప్రచురించారు. సుమారు ఏడాది లోపల, మందు కొనసాగించినవారిలో నూటికి 27 మందికి జబ్బు తిరగబెట్టింది. మందు ఆపి ఉత్తుత్తి గోలీ ఇచ్చినవారిలో నూటికి 64 మందికి తిరగబెట్టింది. మందు వాడినా కొందరికి తిరగబెట్టిన మాట నిజమే. కానీ ఆపితే ఆ ప్రమాదం రెట్టింపు దాటుతున్నది.

హోమియో మందు ఈ జబ్బుకు పనిచేస్తుందా?

హోమియో వైద్యాన్ని జర్మనీ దేశస్థుడైన శామ్యూల్ హానిమన్ (1755–1843) ప్రారంభించాడు. మన తెలుగునాట దీనికి ఎంతో ఆదరణ ఉంది. గుడివాడ, రాజమండ్రి, హైదరాబాదులలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలు ఉన్నాయి. ఖర్చు తక్కువ, మందు తియ్యగా ఉంటుంది, డాక్టరు ఓపికగా అన్నీ అడిగి తెలుసుకుంటారు. ప్రజలకు ఇష్టం కలగడానికి ఇవన్నీ కారణాలే.

ఆ మందు తయారీ ఇలా ఉంటుంది. అసలు పదార్థం ఒక పాలుకు 99 పాళ్ళ ద్రవం కలిపి కుదుపుతారు. అందులో ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళు కలుపుతారు. సీసా మీద “30” అని ఉంటే ఇలా ముప్పై సార్లు చేసినట్లు. పన్నెండు సార్లు దాటేసరికి అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. చివరకు మనం చప్పరించేది ఆ ద్రవంతో తడిపిన చక్కెర గోలీలనే.

2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి హోమియో మీద జరిగిన పరిశోధనలను పరిశీలించింది. ఏ ఒక్క జబ్బుకైనా అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. స్కిజోఫ్రీనియాలో డాక్టరు రాసిన మందులకు బదులుగా హోమియో సరిపోతుందనడానికి కూడా ఆధారం లేదు. గోలీ వల్ల ఒంటికి హాని జరగకపోవచ్చు. దాన్ని నమ్మి అసలు మందు ఆపడం వల్లనే హాని జరుగుతుంది.

మోసపుచ్చే “మంచి నెల”

“ఫలానా వారి అబ్బాయికి హోమియోతో తగ్గింది కదా” అని మీరు అడగవచ్చు. అది ఎలా జరుగుతుందో చూద్దాం.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో పనిచేసే ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి ఉన్నాడనుకోండి. రెండేళ్ళుగా గోలీలు వాడుతున్నాడు. మాటలు వినబడటం పోయింది. కానీ చేతులు వణుకుతున్నాయి, పగలు మత్తుగా ఉంటున్నది, ఒళ్ళు పెరిగింది. మేనమామ చెప్పిన మాట విని ఇంట్లోవాళ్ళు ఆ గోలీలు ఆపి చక్కెర గోలీలు మొదలుపెట్టారు. రెండు మూడు వారాలలో వణుకు తగ్గింది. మత్తు వదిలింది. పొద్దున్నే లేస్తున్నాడు, నవ్వుతూ మాట్లాడుతున్నాడు. “చూశావా అక్కా, హోమియో ఎంత బాగా పనిచేసిందో!” అన్నాడు మేనమామ.

నిజానికి అక్కడ తగ్గింది జబ్బు కాదు. పాత మందుల దుష్ప్రభావాలు తగ్గాయి. పాత మందు ఇచ్చిన రక్షణ ఇంకా కొంతకాలం మిగిలి ఉంటుంది. అందుకే జబ్బు వెంటనే బయటపడదు. కొందరిలో వారాలకు, కొందరిలో నెలలకు, ఒక్కొక్కరిలో ఏడాది దాటాక తిరగబెడుతుంది. ముందు నిద్ర తగ్గుతుంది. తర్వాత ఒంటరిగా కూర్చుంటాడు. ఆ తర్వాత అమ్మ పెట్టిన అన్నం మీదనే అనుమానం వస్తుంది. అప్పటికి గోలీలు ఆపిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. “పనిలో ఎవరో ఏదో అన్నారు, అందుకే ఇలా అయ్యాడు” అనుకుంటారు.

మళ్ళీ మళ్ళీ తిరగబెట్టిన కొద్దీ కోలుకోవడానికి ఎక్కువ సమయం పట్టవచ్చు. కొందరిలో వెనుకటి మందు మునుపటంత బాగా పనిచేయకపోవచ్చు. ఈలోగా ఉద్యోగం పోవచ్చు, పెళ్ళి సంబంధం చెడవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. మొదటి నెల చూసి నిర్ణయం చేయవద్దని చెప్పడానికి కారణం ఇదే.

దుష్ప్రభావాలు ఉంటే ఏం చేయాలి?

హోమియో వైపు చూసే కుటుంబాలలో చాలామందిని అటు నడిపించేది ఈ బాధే. ఆ బాధ నిజమైనది. దానికి చికిత్స ఉంది.

• వణుకు, బిగుసుకుపోవడం, కాలు నిలవకపోవడం: మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, విరుగుడు గోలీ ఇవ్వవచ్చు.
• మత్తు: మందు వేసుకునే వేళ రాత్రికి మార్చవచ్చు.
• బరువు పెరగడం: ఆకలి పెంచని మందు ఎంచుకోవచ్చు. షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చేయించాలి. రోజూ నడక అవసరం.
• ఆడవారికి నెలసరి ఆగడం, పాలు రావడం: సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. మందు మారిస్తే సరిపోవచ్చు.
• రోజూ గోలీ మింగనంటే: రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి వేసే సూదిమందు ఉంది.
• రెండు మందులు సరిగా వాడినా గుణం లేకుంటే: క్లోజపిన్ అనే మందు ఉంది. దీనికి రక్త పరీక్షలు తప్పనిసరి. క్లోజపిన్ రెండు రోజులకు మించి మానితే పాత మోతాదు ఒక్కసారిగా మొదలుపెట్టరాదు. డాక్టరును అడగాలి.

“గోలీలు ఎన్నాళ్ళు?” అన్న ప్రశ్న కూడా డాక్టరును నేరుగా అడగండి. జబ్బు మొదటిసారి వచ్చినవారికి కూడా తగ్గిన తర్వాత సాధారణంగా కనీసం ఒకటి రెండేళ్ళు వాడమంటారు. పలుమార్లు తిరగబెట్టినవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. తగ్గించవలసి వచ్చినా డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా, నెలల తరబడి తగ్గించాలి. గర్భం వచ్చిందని కూడా తమంతట తాము ఆపరాదు.

అయినా హోమియో వాడదలచుకుంటే?

చాటుగా వాడకండి. డాక్టరు కోప్పడతారని దాచిపెడితే ఇబ్బంది మీకే. ఈ నియమాలు పాటించండి.

1. మానసిక వైద్యులు రాసిన మందులు ఒక్క పూట కూడా ఆపవద్దు. హోమియో తోడుగా ఉండవచ్చు గాని బదులుగా ఉండరాదు.
2. ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించండి.
3. రిజిస్టర్ అయిన డాక్టరు దగ్గరకే వెళ్ళండి. పేరు లేని పొడులు, కషాయాలు తీసుకోవద్దు. చుక్కల మందులలో సారా ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.
4. “ఆ గోలీలు ఆపితేనే నా మందు పనిచేస్తుంది” అనేవారి దగ్గర నుండి లేచి వచ్చేయండి. బాధ్యత గల హోమియో డాక్టరు అలా చెప్పరు.
5. “మతిభ్రమణం గ్యారంటీగా నయం” అనే ప్రకటనలను నమ్మకండి. 1954 నాటి చట్టం ప్రకారం అటువంటి మందుల ప్రకటనలు నిషిద్ధం.

దేవుని మీద నమ్మకం గలవారు ప్రార్థన చేసుకోవచ్చు, గుడికి, దర్గాకు వెళ్ళవచ్చు. మనసుకు ధైర్యం కలుగుతుంది. వెళ్ళేటప్పుడు గోలీల డబ్బా కూడా వెంట తీసుకువెళ్ళండి. ఎక్కడా గొలుసులతో కట్టనివ్వవద్దు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకుని 28 మంది మానసిక రోగులు మరణించారు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు, పారిపోలేకపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఇంట్లో ఎలా మెలగాలి?

వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి వారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. రోగితోపాటు ఇంటివారు కూడా అక్కడే ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం ఆ కేంద్రం పద్ధతి. కుటుంబమే పెద్ద బలమని వైద్యులు గుర్తించారు. ఇంట్లో ఎప్పుడూ తిట్లు, ఎత్తిపొడుపులు ఉంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని లండన్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి.

కాబట్టి “అవన్నీ నీ భ్రమ” అని వాదించకండి, అవునని ఒప్పుకోనూ వద్దు. “నీకు భయంగా ఉందని అర్థమైంది బిడ్డా, నేను పక్కనే ఉన్నాను” అనండి. చిన్న చిన్న పనులు అప్పగించండి, చేస్తే మెచ్చుకోండి. గోలీలు ఎవరో ఒకరు దగ్గరుండి ఇవ్వండి. ఒక పూట మరచిపోతే తర్వాత పూట రెండింతలు ఇవ్వవద్దు. కల్లు, సారా, గంజాయి దూరంగా ఉంచండి. పత్తికీ, వరికీ కొట్టే పురుగుల మందును ఇంట్లో పెట్టకండి, వేరే చోట తాళం వేసి ఉంచండి. ఈ జబ్బు ఉన్నవారిలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. తల్లికి కూడా విశ్రాంతి కావాలి, బాధ్యత అందరూ పంచుకోండి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

చావు గురించి మాట్లాడినా, ఇతరులను కొట్టబోయినా, అన్నం నీళ్ళు మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మందులు వాడుతున్నవారికి తీవ్రమైన జ్వరం, ఒళ్ళు కర్రలా బిగుసుకోవడం, తెలివి తప్పడం కలిసి వస్తే అది ప్రాణాపాయం. 108కి ఫోను చేయండి. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

ఒకప్పుడు ఈ ప్రాంతం వారికి ప్రభుత్వ వైద్యమంటే హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రే. 2019లో సూర్యాపేటలో, నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కోదాడ వారికి సూర్యాపేట, మిర్యాలగూడ వారికి నల్లగొండ దగ్గర. మానసిక విభాగం ఓ.పి. ఏ రోజుల్లో ఉంటుందో చీటీల కౌంటరులో అడగండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగి పేరు చెప్పకుండా మీ సందేహమే అడగవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా ఉంది. వైద్య బోర్డు ధ్రువపత్రం ఇస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

స్కిజోఫ్రీనియా ఉన్నవారు మందులు వాడుతూ దుకాణాలు నడుపుతున్నారు, పొలం పనులు చేస్తున్నారు, పిల్లలను చదివిస్తున్నారు. రేపు ఎవరైనా “గోలీలు ఆపి ఇది వాడండి” అని చెబితే వారితో తగవు పెట్టుకోనక్కరలేదు. “మా డాక్టరును అడిగి చెబుతాం” అనండి. అడిగేదాకా ఈ రాత్రి గోలీ ఈ రాత్రే ఇవ్వండి.