బోరునీరు, ఫ్లోరైడు ఎలక్ట్రోడు

పులివెందుల వైపు బోరు వేసినచో ఇంటివారు మొదట అడుగు మాట “నీరు పడినదా?” అని. త్రాగదగునా అను ప్రశ్న తరువాత వచ్చును. ఇనుము ఎక్కువైన నీరు గిన్నెకు తుప్పుమరక పెట్టి తన సంగతి తానే చెప్పుకొనును. ఫ్లోరైడు అట్లు కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లలకు గారపండ్లు కనబడు వేళకు ఏండ్లు గడచియుండును. ఈ వ్యాధిని గురించి నాటి నెల్లూరు జిల్లాలో చూచిన వైద్యపరిశోధకులు 1937లోనే వ్రాసియున్నారు.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు మన ప్రమాణము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో నాపరాతి నేలలు కలవు. సున్నపురాతి నుండి వచ్చు కాల్షియము ఫ్లోరైడును కొంత అదిమిపెట్టును. కాల్షియము తగ్గి సోడియము హెచ్చిన నీటిలో ఆ అడ్డు లేదు. కావున పొరుగువారి బోరు మంచిదైనంత మాత్రమున మన బోరును నమ్మరాదు.

దీనిని కొలుచుటకు 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనువారు ఒక ఎలక్ట్రోడును వెలువరించిరి. కలము వంటి కడ్డీ. కొనయందు లాంథనం ఫ్లోరైడు స్ఫటికము. అందులో ఫ్లోరైడు అయానులు తప్ప ఇతరములు సులభముగా కదలలేవు. లోపలి ద్రావణమునకు, వెలుపలి నీటికి గల తేడా విద్యుత్పీడనముగా తేలును. ఫ్లోరైడు పదింతలైనచో మీటరులో సుమారు 59 మిల్లీవోల్టులు మారును.

ఇనుమునకు కూడ ఇట్టివి చేసిరి గాని, అంతగా వాడుకలోనికి రాలేదు. ఫెర్రిక్ అయానునకు మూడు ఆవేశములు. పదింతలకు మారునది 20 మిల్లీవోల్టులే. ఒక్క మిల్లీవోల్టు తప్పినచో లెక్క నూటికి 12 వంతులు తప్పును. పైగా బోరులో తేటగా ఉన్న ఇనుము గాలి తగులగానే తుప్పై అడుగున పడును. ఇక కొలుచుటకేమున్నది? పెక్కు పరీక్షశాలలు నేటికిని ఇనుమును రంగు పుట్టించి కొలుచుచున్నవి. ఈ ఇనుమే ఫ్లోరైడును కూడ పట్టి దాచును. అందుచేత నీటికి సమానముగా ఒక ద్రావణము కలిపి దానిని విడిపింతురు. పులుపును కూడ తగిన మేరకు అదే తెచ్చును.

ఎలక్ట్రోడునకును ముసలితనము కలదు. స్ఫటికము గీతలుపడి మసకబారును. క్షణములలో నిలువవలసిన అంకె నిమిషములు ఊగులాడును. 59 రావలసినచోట 50 వచ్చును. జంట ఎలక్ట్రోడులోని ద్రావణము ఇంకిపోయి, దాని సన్నని రంధ్రము పూడినను ఇట్లే జరుగును. నింద మాత్రము స్ఫటికముపై పడును! మసకబారిన స్ఫటికమును ఫ్లోరైడు గల టూత్‌పేస్టుతో మెల్లగా తోముట ఒక వాడుక. పండ్లకు మేలుచేయు మందే పరికరమునకును పనికివచ్చుట మాకు వింతగా తోచినది. తోమినను నడత మారనిచో క్రొత్తది కొనవలసినదే.

సరిచూడని ఎలక్ట్రోడు నాలుగు మిల్లీవోల్టులు పైకి జరిగినదనుకొందము. నిజముగా 1.7 ఉన్న నీరు 1.45గా కనబడును. త్రాగరాని బోరునకు త్రాగవచ్చునను చీటీ వచ్చును. కావున నీరు పంపువారు ఆనాడు తెలిసిన ద్రావణములతో ఎలక్ట్రోడును సరిచూచితిరా అని అడుగవచ్చును. ఆ ద్రావణములును, బోరునీరును ఒకే వేడిలో ఉండవలెను. నీటిని గాజుసీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పంపుట మేలు.