పస్తులున్నప్పుడు వద్దన్నాడు!

సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోట వెళ్తుంటే అందరి కళ్లూ రాకెట్ల కోసమే వెతుకుతాయి. సీజన్‌లో అయితే ఫ్లెమింగోల కోసం. దీవి అంచునే సాగే బకింగ్‌హామ్ కాలువని పట్టించుకునేదెవరు! ఒకప్పుడు శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసు చేరింది ఆ నీటి మీదే. ఇదే కాలువలో ఉత్తరాన, ఒంగోలు వైపు, మూడున్నర మైళ్లు తవ్వించింది ఓ క్రైస్తవ మిషనరీ. తన మతంలోకి వస్తామన్నవాళ్లని కొన్నాళ్లపాటు ‘ఇప్పుడు కాదు’ అంటూ ఆపింది కూడా ఆయనే.

పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికా నుంచి వచ్చి 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. పదేళ్లు గడిచేసరికి ధాత కరువు (1876-78) విరుచుకుపడింది. పల్లెలకు పల్లెలు ఖాళీ. కాలువ తవ్వితే కూలి ఇస్తామంది సర్కారు. కుర్రతనంలో సర్వే పని నేర్చుకున్న క్లౌ, ఓ ముక్కకి కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లకి పలుగూ పారా చేతికిచ్చారు, చేసిన పనికి కూలిచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్లతో దేవుడి మాటలు చెప్పేవారు. ‘మాకూ బాప్తిస్మం ఇవ్వండి’ అని అడిగేవాళ్లు రోజురోజుకీ పెరిగారు.

క్లౌ ఒప్పుకోలేదు!

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. 1840లో నెల్లూరు చేరిన ఆ మిషన్‌లో ఏళ్ల తరబడి చేరినవాళ్లే తక్కువ. మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. అలాంటిది, వేలమంది వాళ్లంతట వాళ్లే వస్తామంటే ఎవరు కాదంటారు? ఆయన కాదన్నాడు. తిండి కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో కడుపు నిండాకే తేలుతుందని ఆయన లెక్క. అలా పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి మాత్రం ఆపలేదు. ఐదు కిలోల బియ్యం చేతిలో పెట్టి ఫొటో దిగే రోజుల్లో ఉన్న మనకిది వింతగానే అనిపిస్తుంది.

అసలు, అన్నం పెట్టిన చేతిని మర్చిపోయి నమ్మడం ఎవరికైనా సాధ్యమా? కరువు పోయినా కృతజ్ఞత పోదుగా! ఆ అనుమానం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. క్లౌ చేయగలిగింది మాత్రం చేశాడు.

1878లో వానలొచ్చాయి. ఇక ఇవ్వడానికి నా దగ్గర డబ్బేమీ లేదని జనానికి చెప్పాడు. డబ్బు అక్కర్లేదంటూ వాళ్లు కాయలు కాసిన చేతులు చూపించారట.

జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు.