అప్పు ఎవరి నెత్తిన? - యాపిల్ తొలినాళ్ళ కథ

యాపిల్ కంప్యూటర్ కంపెనీ అనగానే అందరికీ స్టీవ్ జాబ్స్ గుర్తుకొస్తాడు. కాస్త తెలిసినవాళ్ళు స్టీవ్ వోజ్నియాక్ పేరు కూడా కలుపుతారు. కానీ 1976 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలో ఆ సంస్థ పుట్టినప్పుడు ఒప్పంద పత్రం మీద పడ్డ సంతకాలు మూడు. మూడో మనిషి రోనాల్డ్ వేన్. ఆ నెల 12వ తేదీకల్లా ఆయన తన 10 శాతం వాటా వదులుకొని, 800 డాలర్లు పుచ్చుకొని తప్పుకున్నాడు. తర్వాత మరో 1,500 డాలర్లు ముట్టాయి, అంతే. ఈ సంగతి చెప్పుకొని "ఎంత తెలివితక్కువవాడు!" అని నవ్వడం పరిపాటి. ఆ నవ్వు సరికాదని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

వోజ్నియాక్‌కు అప్పుడు 25 ఏళ్ళు. హ్యూలెట్-పాకార్డ్‌లో ఇంజనీరు. తాను తయారుచేసిన కంప్యూటర్‌ను ముందు ఆ కంపెనీకే చూపిస్తే వాళ్ళు అక్కర్లేదన్నారు. జాబ్స్‌కు 21 ఏళ్ళు. తన వ్యాను అమ్మాడు. వోజ్నియాక్ తన ఖరీదైన కాలిక్యులేటర్ అమ్మాడు. అదే వాళ్ళ పెట్టుబడి! వేన్ 41 ఏళ్ళ పెద్దమనిషి, అటారీ ఉద్యోగి. ఒప్పందం రాసిందీ, చెట్టు కింద న్యూటన్ కూర్చున్న తొలి చిహ్నం గీసిందీ ఆయనే.

ఇంతలో 'బైట్ షాప్' అనే దుకాణం నడిపే పాల్ టెరెల్ 50 యంత్రాలు కొంటానన్నాడు. ఒక్కోదానికి 500 డాలర్లు. అయితే సరుకు అందాకే డబ్బు. మరి విడిభాగాలు కొనేదెలా? 30 రోజుల గడువు మీద అరువు తెచ్చారు.

వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక ఈ లెక్క నాకు బాగా తెలుసు. ఎరువులు, పురుగుమందులు కొట్లో అరువు తెస్తాం. పంట చేతికొచ్చాక తీరుస్తాం. పంట పోయినా అప్పు పోదు. అప్పుడు కొట్టు యజమాని ఎవరి గడప తొక్కుతాడు? నలుగురు కలిసి తెచ్చిన అప్పయినా, ఎవరికి పొలముందో వాడి గడపే!

భాగస్వామ్య సంస్థలో జరిగేదీ అదే. సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా పూర్తిగా బాధ్యుడు. మన దేశంలో 1932 నాటి భాగస్వామ్య చట్టం చెప్పేదీ ఇదే. లాభంలో 10 శాతం వాటా ఉన్నంత మాత్రాన అప్పులో 10 శాతం కడితే సరిపోదు. కుర్రాళ్ళిద్దరి దగ్గరా జప్తు చేసుకోవడానికి ఏమీ లేదు. వేన్ దగ్గర ఉంది. పైగా అంతకుముందే స్లాట్ మెషీన్ల వ్యాపారంలో దెబ్బతిని, అప్పులు తీర్చిన మనిషి. ఆయన భయం ఉత్త పిరికితనం కాదు.

కథ సుఖాంతమే అయింది. యంత్రాలు అందాయి, అరువు తీరింది. యాపిల్-1 ధర 666.66 డాలర్లు, మొత్తం మీద తయారైనవి సుమారు 200. కానీ రంగుల బొమ్మలు చూపే యాపిల్-2ను పెద్దఎత్తున తయారుచేయాలంటే చేబదుళ్ళతో అయ్యే పని కాదు.

అప్పుడు వచ్చాడు మైక్ మార్కులా. ఇంటెల్‌లో పనిచేసి, వాటాల మీద బాగా గడించి, 34 ఏళ్ళకే విశ్రాంతి తీసుకుంటున్నవాడు. కొంత వాటా సొమ్ముగా, కొంత అప్పుగా 2,50,000 డాలర్లు సమకూర్చాడు. వ్యాపార ప్రణాళిక రాశాడు. వోజ్నియాక్ ఉద్యోగం మానాల్సిందేనని పట్టుబట్టాడు. నిర్వహణకు మైకేల్ స్కాట్‌ను అధ్యక్షుడిగా తెచ్చాడు. అన్నిటికంటే ముఖ్యం, 1977 జనవరి 3న యాపిల్ పరిమిత బాధ్యత గల కంపెనీ అయింది. అంటే కంపెనీ మునిగినా వాటాదారుకు పోయేది తాను పెట్టిన సొమ్మే. ఇల్లూ వాకిలీ పోవు. 1977 ఏప్రిల్‌లో యాపిల్-2 జనం ముందుకొచ్చింది. 1980 డిసెంబరు 12న కంపెనీ వాటాలు ఒక్కోటి 22 డాలర్లకు ప్రజలకు అమ్మారు.

మార్కులా దూరదృష్టిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ డబ్బు పోయినా ఆయన కట్టుబట్టలతో మిగిలేవాడు కాదు. వేన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇద్దరి ధైర్యాన్నీ ఒకే తూకంతో తూచడం న్యాయం కాదు కదా!

చదువయ్యాక మనలోనూ నలుగురు కలిసి ఏదో ఒకటి మొదలుపెడతారు. "లాభంలో నా వాటా ఎంత?" అని అందరూ అడుగుతారు. "నష్టం వస్తే అప్పులవాళ్ళు ఎవరింటికి వస్తారు?" అన్నది సంతకానికి ముందే అడగవలసిన ప్రశ్న.