చిల్లగింజకు లొంగని మురికి

గత వర్షాకాలంలో ఒక వృద్ధ రైతు సూర్యాపేటలోని నా వైద్యశాలకు సీసాలో మూసీ నీరు తెచ్చి, "అయ్యా, చిల్లగింజ అరగదీసి తేర్చిన. తేటగున్నది. కాచి తాగొచ్చునా?" అని అడిగారు. కోదాడ, మిర్యాలగూడల నుండి వచ్చే రోగులు సైతం తమ బావినీటి గురించి ఇదే సందేహం వెలిబుచ్చుతుంటారు. కనుక పాఠకులందరికీ సమాధానం చెప్పుట నా ధర్మం.

చిల్లగింజ గుణం కల్ల కాదు. కతకమనే పేరుతో సుశ్రుత సంహిత, సూత్రస్థానం 45వ అధ్యాయంలో, నీటిని తేటపరచు ద్రవ్యాలలో దీనిని పేర్కొన్నది. మట్టిరేణువులను ఇది అడుగుకు దించుతుంది. ఆపై మరిగిస్తే సూక్ష్మక్రిములు నశిస్తాయి. అయితే నీటిలో కరిగిన విషరసాయనాలకు ఈ రెండూ విరుగుడు కావు. నీరు ఇగిరినకొద్దీ లోహాల వంటివి మరింత చిక్కబడతాయి కూడా.

మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మురుగును మోసుకొని, సూర్యాపేట సమీపంలోని మూసీ ప్రాజెక్టును దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే ప్రమాణాన్ని మించిన మోతాదు అది! తరువాతి కాలంలో ఆ కేంద్రపు నీటిని గొట్టపుమార్గం ద్వారా అంబర్‌పేటకు, అనగా మూసీ వైపునకు, మళ్లించారు.

ఇట్టి నీటిలో పెరిగిన క్రిములు మందుకు అలవాటుపడి, రోగం ముదిరిననాడు అదే మందుకు లొంగవు. ఇదే అసలు ప్రమాదం.

వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధించు ముసాయిదాను కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2020 జనవరిలో వెలువరించింది. 2021 ఆగస్టు నాటి తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలిచ్చింది. అవి సలహాలే గాని శాసనం కావు.

పాఠకులు మూసీ నీటిని ఎంత తేర్చినా త్రాగరాదు. పొలంలో దిగినపుడు బూట్లు ధరించి, పిదప సబ్బుతో కాళ్లు కడుగుకోవాలి. మిగిలిన మాత్రలను కాలువలో పారవేయరాదు.

నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించుట, చికిత్సకు తొలిమెట్టు. రోగికి పథ్యం నేను చెప్పగలను. నదికి పథ్యం పెట్టవలసినది ప్రభుత్వం. ఆ రైతుకూ ఇదే చెప్పి, సీసా నీటిని పారబోయించాను.